పన్నెండు నెలల క్యాలెండర్, ఎవర్ని పెట్టాలి? మావగారి సంఘం పని నా నెత్తిన పడింది

తెనాలి_అల్లుడు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదివి సాయం చెయ్యండి.

మా మావగారు రిటైరయ్యాక తెనాల్లో వాళ్ళ బ్రాహ్మణ సంఘంలో తిరుగుతున్నారు, ఈ ఏడు కార్యదర్శి కూడా అయ్యారు. ఏటా వెంకటేశ్వరస్వామి, గాయత్రీదేవి బొమ్మలేనా, ఈసారి "మన మహనీయులు" అని క్యాలెండర్ వేద్దాం, నెలకొకరు, పైన ఫోటో కింద నాలుగు లైన్లు అని మీటింగులో ఈయనే లేచి చెప్పారట. చెప్పినవాళ్ళ నెత్తినే పడుతుంది కదా ఎక్కడైనా. ఫోన్ చేసి "అల్లుడుగారూ, మీకు కంప్యూటర్లో తెలుగు కొట్టడం వచ్చు కదా" అన్నారు. సంక్రాంతికి వెళ్ళాల్సింది అక్కడికే, కాదంటే అరిసెలు దొరకవు.

సంఘం వాళ్ళు ఆధారం కింద ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపారు. 68 పేర్లు. ఆర్యభట్టుతో మొదలై క్రికెటర్ల దాకా వచ్చింది, ప్రతీ పేరు పక్కన "ప్రపంచంలోనే మొట్టమొదటి" అని ఏదో ఒకటి. చాణక్యుడికి ఫోటో కూడా ఉంది, చూస్తే ఏదో టీవీ సీరియల్ లోది. ఇది కాక కమిటీలో ఒకాయన శాఖల లెక్కన నియోగులు ఆరుగురు, వైదీకులు ఆరుగురు ఉండాలని పట్టుబట్టారట, ద్రావిళ్ళ సంగతేంటని ఇంకొకాయన లేచారట. నాకైతే తల తిరిగింది.

నిజం చెప్పాలంటే కులం చూసి మనుషుల్ని ఏరడం నాకూ ఇబ్బందిగానే ఉంది, ఆఫీసులో ఎవరికైనా చూపించాలంటే మొహమాటం. కానీ పని తప్పేట్టు లేదు, చేసేదేదో అబద్ధాలు లేకుండా చేద్దామని. తెలుగువాళ్ళ వరకే చాలు అని ఒప్పించా. నేను అనుకున్నది వీరేశలింగం, గురజాడ, గిడుగు, ప్రకాశం, రాధాకృష్ణన్, పింగళి వెంకయ్య, పి.వి., ఘంటసాల, బాలమురళి, విశ్వనాథ. పుట్టిన నెలల ప్రకారం వేద్దామంటే ఇంకో తంటా, ఆగస్టులోనే పింగళి 2న, వి.వి.గిరి 10న, ప్రకాశం 23న, గిడుగు 29న. మార్చికి ఎవరూ తగలట్లేదు. ఎవరెవర్ని పెట్టాలి, ఫార్వర్డుల్లో లేనిది ఏం రాయాలి, మీకు తెలిసింది చెప్పండి.

గోదారి_గట్టు:

అల్లుడుగారూ తప్పుగా అనుకోకండి, మీ లిస్టు చూసి నవ్వొచ్చింది. వీళ్ళలో సగం మందిని ఆ రోజుల్లో ఇలాంటి సంఘాలు గుమ్మం ఎక్కనిచ్చేవి కావు. ఇప్పుడు వాళ్ళ ఫోటోలే మేకుకి తగిలించుకుంటున్నాం.

మాది రాజమండ్రి కాబట్టి వీరేశలింగం గారి సంగతి చెప్తా. 1881 డిసెంబర్ 11న మా ఊళ్ళో మొదటి వితంతు వివాహం చేయించాడు ఆయన. వితంతు వివాహం అని స్కూల్ పుస్తకంలో రెండు ముక్కలు చదివేసి వెళ్ళిపోతాం కానీ ఆ పెళ్ళి ఎలా జరిగిందో చూడండి, పెళ్ళి దగ్గర గొడవ జరక్కుండా కుర్రాళ్ళు, ఆయన శిష్యులు, కాపలా ఉన్నారు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళకి, అక్కడ భోంచేసినవాళ్ళకి వెలి. శంకరాచార్యుల పేరు మీద శ్రీముఖాలు, అంటే ఆజ్ఞాపత్రాలు, కూడా వచ్చాయి. అంతవరకు ఆయన పక్కన నిలబడ్డ వాళ్ళలో చాలామంది భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకుని మళ్ళీ కులంలో కలిసిపోయారు. వంటబ్రాహ్మలు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదారికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చి తనే వంట చేసింది. మొన్న పుష్కరాలప్పుడు మా అమ్మ పూజకని ఒక్క బిందె రేవు నుంచి ఇంటిదాకా మోశా, రెండు రోజులు నడుం పట్టేసింది, అందుకే ఆవిడ సంగతి తల్చుకుంటే నాకు ఆయన ఉపన్యాసాలకంటే ఆ బిందే పెద్దగా కనిపిస్తుంది. డబ్బు సాయం ఎవరు చేశారో తెలుసా, కాకినాడ కోమటి షావుకారు పైడా రామకృష్ణయ్య గారు. మనవాళ్ళు వెలేస్తే పక్కవాళ్ళు ఆదుకున్నారన్నమాట. చివరికి ఆస్తంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చేశాడు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఈసారి వస్తే చూడండి.

గురజాడ గారిదీ అదే వరస. కన్యాశుల్కం చూసి గిరీశం అనగానే నవ్వుతాం కానీ దాని మొదటి ముద్రణ ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖ జిల్లాలో బ్రాహ్మణ ఇళ్ళల్లో మూడేళ్ళలో డబ్బు పుచ్చుకుని చేసిన పిల్లల పెళ్ళిళ్ళు 1,034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల అంటే ఇంకా పాలు తాగే పిల్ల అండీ. ఆ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, ఎవరి మీద రాశాడు, అగ్రహారం మీదే కదా.

కాబట్టి నా సలహా ఏంటంటే వీరేశలింగం గార్ని ఏప్రిల్ 16 పుట్టినరోజుకి కాకుండా డిసెంబర్‌లో పెట్టండి, 11వ తేదీ మీద ఎర్ర సున్నా చుట్టండి. నాలుగు లైన్లలో ఒక లైను వెలి గురించి ఉండి తీరాలి. కమిటీ ఒప్పుకుంటుందో లేదో చూద్దాం.

ఉప్మా_వ్యతిరేకి:

"ప్రపంచంలోనే మొట్టమొదటి" అన్నచోటల్లా కొట్టేస్తే మీ 68 కాస్తా 20కి దిగుతుంది, పని సులువు. పోతన గారిని మాత్రం ముట్టుకోకండి, ఆయన శాఖ ఏంటి, ఊరు బమ్మెరా ఒంటిమిట్టా అని మొదలెడితే ఈ క్యాలెండర్ పై ఏడుకి కూడా తేలదు.

ముఖలింగం_మాస్టారు:

గిడుగు రామమూర్తి గారి గురించి నేను చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగానికి దగ్గరే. నలభై ఏళ్ళు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యా, ఆగస్టు 29 వచ్చిందంటే స్కూళ్ళలో ఫోటోకి దండ, "వ్యావహారిక భాషోద్యమ పితామహుడు" అని ఒక స్పీచ్, స్వీట్లు, అయిపోయింది. ఆ స్పీచ్ కూడా గ్రాంథికంలో రాసుకొచ్చి చదివినవాళ్ళని నా కళ్ళతో చూశా.

చాలామందికి తెలియంది సవరల సంగతి. పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా ఉన్నప్పుడు కొండలమీంచి దిగివచ్చే సవరల మాట ఆయన చెవిన పడింది. ఏంటిది, ఎలా మాట్లాడుతున్నారు అని పట్టుకున్నాడు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ మాస్టారి ఇంట్లో సవర పిల్లలకి అన్నం పెట్టి చదువు చెప్పడమంటే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి. సొంత డబ్బుతో సవర భాషలోనే చెప్పే బళ్ళు పెట్టి మాస్టర్లకి జీతాలిచ్చాడు, అదీ ఒక బడిపంతులు జీతం మీద. వాచకాలు రాశాడు, పాటలు కథలు పోగేశాడు, తెలుగు నుంచి సవరకి, సవర నుంచి తెలుగుకి నిఘంటువులు చేశాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నాడట.

ఆ కొండల్లో తిరిగి తిరిగి మలేరియా వస్తే క్వినైన్ మింగేవాడు, ఆ క్వినైన్ ఎక్కువై చెవులు పోయాయి. జనం నోట్లో మాటే భాష అని ముప్ఫై ఏళ్ళు వాదించిన మనిషికి వినపడదు. ఆయన సభలో మాట్లాడుతుంటే అవతలివాళ్ళు అడిగింది కాగితం మీద రాసిస్తే చదివి జవాబు చెప్పేవాడని మా గురువుగారు చెప్పేవారు.

ఇంకోటి, ఆయనకి ఎదురు నిలబడ్డది ఎవరు? జయంతి రామయ్య పంతులు గారు, గ్రాంథికం పక్షం, ఆయనా బ్రాహ్మడే. మీ క్యాలెండర్ పద్ధతిలో అయితే ఆయనకీ ఒక నెల ఇవ్వాలి, సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనక ఆయన కష్టం చిన్నది కాదు. వీరేశలింగం గారు కూడా మొదట గ్రాంథికమే రాసినాయన, తర్వాత తర్వాత మెత్తబడి, పోయే ఏడు, 1919లో, వ్యావహారికం కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షుడయ్యాడు, గిడుగు కార్యదర్శి. ఆ వయసులో తను రాసిందే తప్పని ఒప్పుకోడానికి ఎంత మనసుండాలి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయిందని ఆ ఊరే వదిలి రాజమండ్రి వచ్చేశాడు, అప్పటికి డెబ్భై దాటాయి. ఆగస్టు ఈయనకే ఇవ్వండి. ప్రకాశం గారిని వేరే నెలకి జరుపుకోవచ్చు.

ఓరుగల్లు_పోరడు:

మాస్టారూ మీరు చెప్పింది మంచిగుంది, గిడుగు అంటే నాకూ గౌరవమే. కానీ ఒక మాట చెప్తా ఏమనుకోకుండ్రి. వ్యావహారికం గెలిచింది సరే, ఎవరి వ్యావహారికం గెలిచింది? పేపర్లల్ల, పాఠాలల్ల, సినిమాలల్ల వచ్చింది క్రిష్ణా గుంటూరు గోదావరి చదువుకున్నోళ్ళ మాట. మా మాట సినిమాల కామెడియన్‌కి, రౌడీకి ఇచ్చిండ్రు. రెండున్నర జిల్లాల భాష అని కాళోజీ తిట్టింది గందుకే. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9, మాకు తెలంగాణ భాషా దినోత్సవం. మీకు ఆగస్టు 29, మాకు సెప్టెంబర్ 9, నడుమ పది పన్నెండు రోజులే. మీ ఫార్వర్డ్‌ల కాళోజీ పేరు లేకపోవచ్చు, ఎందుకంటే పేరు చివర శాస్త్రో శర్మో లేదు, ఆయన ఎన్నడు గా ముచ్చట చెప్పుకోలే. పుట్టింది కర్ణాటక దిక్కు రట్టిహళ్ళిల, పెరిగింది మా మడికొండల. తండ్రి తరపు మరాఠీ, తల్లి కన్నడం, ఆయన మాట్లాడింది మా ఓరుగల్లు తెలుగు. నిజాం కాలంల జైలుకు పోయిండు, తర్వాత వచ్చిన సర్కారులనూ ఇడిసిపెట్టలే. 1992ల పద్మవిభూషణ్ ఇచ్చిండ్రు.

దాశరథిని కూడా మర్చిపోకుండ్రి, నిజామాబాద్ జైల్ల బొగ్గుతోని గోడ మీద పద్యాలు రాసినాయన.

పి.వి. గురించి అందరు 1991 సంస్కరణలే రాస్తరు. అది రాయకుండ్రి. 1971ల ముఖ్యమంత్రి అయ్యి భూసంస్కరణలు పట్టుకున్నడు, తమది వంగరల భూములున్న కుటుంబమే, అయినా పట్టుకున్నడు, పెద్ద పెద్ద భూస్వాములకు కోపమొచ్చింది, అటు ముల్కీ గొడవ (స్థానికులకే కొలువులని), ఇటు జై ఆంధ్ర (ఆంధ్ర వేరే రాష్ట్రం కావాలని), 1973 జనవరికల్లా కుర్సీ పోయింది. గది రాయుండ్రి. ఇంకోటి విశ్వనాథ వేయిపడగలను హిందీలకు తెచ్చింది పి.వి.యే, సహస్రఫణ్ అని. మీ లిస్టుల ఇద్దరూ ఉన్నరు కదా, ఒక షీటుల ఇంకొకరి పేరు వస్తది.

రెండో_బెంచి:

చదువుతున్నా చాలాసేపట్నించి, రాయాలా వద్దా అనుకుంటూ. రాసేస్తా.

పైన చెప్పినవాళ్ళ మీద నాకేం కోపం లేదు, వీరేశలింగం లేకపోతే మా మేడమ్‌లు చాలామందికి చదువే ఉండేది కాదు. నాకు ఎక్కడ గుచ్చుకుంటుందంటే క్యాలెండర్ పేరు దగ్గర, "మన" మహనీయులు అన్నదగ్గర. ఇంతమంది ఒక్క కులంలోంచే ఎందుకొచ్చారు అని అడిగితే "మన రక్తంలో ఉంది" అని ఫార్వర్డ్ చెప్తుంది. రక్తం కాదు, బడి. అప్పటి మద్రాసు రాష్ట్రంలో నూటికి సుమారు ముగ్గురే ఉన్న బ్రాహ్మలు గ్రాడ్యుయేట్లలో సగానికి పైగా ఉన్నారు, 1916లో బ్రాహ్మణేతరుల మ్యానిఫెస్టో వచ్చింది ఆ లెక్కలు పట్టుకునే. ఊళ్ళో కరణీకం ఉంది, చదవడం రాయడం ముందునుంచీ ఉంది, ఇంగ్లీషు బడి రాగానే ముందు బెంచీలో కూర్చున్నారు. మా తాతయ్యని బడి అరుగు కిందే కూర్చోబెట్టారు, ఆయన అక్కణ్ణించే విని ఎక్కాలు నేర్చుకున్నాడు. ఆయన బుర్ర తక్కువేం కాదు, పద్దెనిమిదో ఎక్కం ఆపకుండా చెప్పేవాడు, కానీ ఆయన ఎవరి క్యాలెండర్‌లోకీ రాడు.

రాజమండ్రి అన్నారు కదా, అదే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు ఉన్నారు, దళితుల కోసం రాసినాయన, ఆయన ఫోటో ఎంతమంది చూశారు.

వెయ్యొద్దని అనట్లేదు. వేస్తే ఉన్నవ లక్ష్మీనారాయణ గార్ని వెయ్యండి. మాలపల్లి రాసినాయన, 1922లో రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాశాడు, దళిత కుటుంబం కథ, ప్రభుత్వం నిషేధించింది కూడా. భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి గుంటూరులో శారదానికేతనం పెట్టాడు ఆడపిల్లల కోసం. ఆయన డిసెంబర్ 4న పుట్టాడు, అదే రోజు ఘంటసాల కూడా. మీ డిసెంబర్ కూడా జామ్ అయ్యేట్టుంది లెండి.

గోదారి_గట్టు:

రెండో బెంచి గారూ, నూటికి నూరు. నేను వెలి అని రాసింది కూడా ఆ ఉద్దేశంతోనే, మీరు నాకంటే సూటిగా చెప్పారు. ధర్మన్న గారి పేరు నేనే చెప్పాల్సింది, మా ఊరాయన అయ్యుండి తట్టలేదు.

ఒంగోలు_గిత్త:

ప్రకాశం గారిని వేరే నెలకి జరుపుతారా మాస్టారూ! మా జిల్లా పేరే ఆయనది. సరే గొడవొద్దు, ఫిబ్రవరి ఇవ్వండి, 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వద్దని మద్రాసులో హర్తాళ్ జరిగినప్పుడు తుపాకీకి గుండె చూపించింది ఆ నెలలోనే. అందరికీ తెలిసిన కథే కాబట్టి అది ఒక్క లైను చాలు.

మిగతా మూడు లైన్లు వాళ్ళమ్మ సుబ్బమ్మ గారికి ఇవ్వండి. ప్రకాశానికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోతే ఆవిడ పిల్లల్ని తీసుకుని ఒంగోలొచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. ఇప్పుడు మెస్సు నడుపుతున్నాం అంటే బాగానే ఉంటుంది కానీ అప్పుడు పరువుగల బ్రాహ్మణ కుటుంబం అన్నం అమ్ముకోవడమంటే చాలా చిన్నచూపు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మని చూసి నవ్వుతాం కదా, అలాంటి పొయ్యి దగ్గర నుంచే ఆంధ్ర రాష్ట్రం మొదటి ముఖ్యమంత్రి వచ్చాడు. ఆయనే తన ఆత్మకథలో ఏం దాచుకోకుండా రాసుకున్నాడు, అల్లరి చిల్లరగా తిరగడం, నాటకాల్లో ఆడవేషాలు అన్నీ. దారిలో పెట్టింది ఎవరంటే మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు, తనతో రాజమండ్రి తీసుకెళ్ళి చదివించాడు. రెండో బెంచి గారు చెప్పిన దానికి ఇది కూడా కలపండి, ఆ షీటులో నాయుడు గారి పేరు పడాల్సిందే, "మన" కాకపోయినా.

బారిస్టరుగా లక్షలు సంపాదించి అదంతా స్వరాజ్య పత్రికలో పోసేశాడు. పోయింది కూడా ఎలాగ, ఎనభై నాలుగేళ్ళ వయసులో 1957 మే ఎండల్లో మా ఒంగోలు దగ్గర హరిజనవాడల్లో తిరుగుతూ వడదెబ్బ తగిలి. మే నెలలో మా ఒంగోలు ఎండ ఎలా ఉంటుందో వచ్చి చూడండి ఒకసారి, గొడుగేసుకున్నా మాడిపోతాం.

బందరు_లడ్డు:

బందరు సంగతేంటి మరి? పట్టాభి సీతారామయ్య గారు, డాక్టరు, 1923లో బందర్లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఆయనే. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో బోసు మీద 1,377 ఓట్లు తెచ్చుకుని ఓడిపోయాడు, బోసుకి 1,580, అప్పుడే పట్టాభి ఓటమి నా ఓటమి అన్నారు గాంధీ గారు. అందరూ ఆ ఓటమే గుర్తుపెట్టుకున్నారు, బ్యాంకుని మర్చిపోయారు. ఇప్పుడా బ్యాంకు పేరు కూడా లేదు, 2020లో యూనియన్ బ్యాంకులో కలిపేశారు. మా నాన్న పాస్‌బుక్కు అట్టమీద పాత పేరే ఉంది, మార్చుకోనంటాడు. నవంబర్ 24 పుట్టినరోజు, నవంబర్ ఖాళీయేగా?

మువ్వల_సవ్వడి:

ఇంతసేపూ చూస్తున్నా, ఎవరైనా అంటారేమో అని. పన్నెండు మంది మగవాళ్ళేనా? రాజ్యలక్ష్మమ్మ గారు బిందె మోసింది, సుబ్బమ్మ గారు పొయ్యి ఊదింది, ఫోటో మాత్రం ఆయనది.

జులై దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ గారికి ఇవ్వండి. జులై 15, 1909, రాజమండ్రి. ఎనిమిదేళ్ళకి పెళ్ళి చేసేశారు, పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుని బయటికొచ్చేసింది, ఇది ఇప్పుడు చెప్పినా కొన్ని ఇళ్ళల్లో గుసగుసలే. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో పద్నాలుగేళ్ళ వాలంటీరు, టికెట్ లేదని ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర నెహ్రూనే ఆపేసింది. తర్వాత జైలు, లా, రాజ్యాంగ సభ, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ. నేను పుట్టిందే ఆ సభవాళ్ళ ఆస్పత్రిలో అని మా అమ్మ గొప్పగా చెప్తుంది.

మార్చికి ఎవరూ లేరన్నారుగా, భండారు అచ్చమాంబ గారిని పెట్టండి, మార్చి 8 మహిళా దినోత్సవం ఉండనే ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. గురజాడ దిద్దుబాటు 1910లో వస్తే ఈవిడ ధనత్రయోదశి 1902లోనే వచ్చింది, మొదటి తెలుగు కథ ఎవరిదని పరీక్షల్లో మనం ఏం రాశాం? బడికి పోకుండా తమ్ముడి పక్కన కూర్చుని చదువుకున్న మనిషి, ముప్ఫై ఏళ్ళకే పోయింది.

ఇక నా సొంత గోల ఒకటి. నేను కూచిపూడి నేర్చుకున్నా, ఇప్పుడు ఇక్కడ న్యూజెర్సీలో మా బేస్‌మెంట్‌లో పిల్లలకి నేర్పుతున్నా. కూచిపూడి అంటే ఆ ఊళ్ళో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళే ఆడేవాళ్ళు, ఆడపిల్లలకి ప్రవేశం లేదు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేసి జడ ముందుకి వేసుకుని అలా తిప్పుకుంటూ నిలబడితే, వీడియోలో చూసినా సరే, నేను ముప్ఫై ఏళ్ళుగా ఆడుతున్నదంతా మర్చిపోయి నోరెళ్ళబెట్టి చూస్తా. ఆ భుజం విరుపు నాకు ఇప్పటికీ రాదు. ఆ తలుపు తీసింది వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటివాళ్ళు, ఆడవాళ్ళకి నేర్పించి. తర్వాత వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్ళి 1963లో అకాడమీ పెట్టాక ఏ కులం పిల్లయినా ఏ దేశం పిల్లయినా నేర్చుకోవచ్చు అయింది. నా క్లాసులో పదకొండు మంది ఉంటే ఇద్దరి ఇళ్ళల్లో తెలుగే రాదు. కానీ ఒకటి రాయండి దయచేసి, గుళ్ళల్లో కచేరీల్లో తరతరాలుగా ఆడింది కళావంతుల ఆడవాళ్ళు, వాళ్ళ ఆటని 1947లో చట్టం తెచ్చి ఆపేశారు, అదే సమయంలో మన ఆట స్టేజీ ఎక్కింది. ఇది రెండు లైన్లలో పట్టదని నాకు తెలుసు.

అన్నట్టు తెనాలివాళ్ళై ఉండి స్థానం నరసింహారావు గార్ని ఎలా మర్చిపోయారండీ? బాపట్ల ఆయనది, మీ తెనాలి రామవిలాస సభలోనే కదా ఆడవేషాలు కట్టింది. మీ మావగారిని అడగండి, ఆ వయసువాళ్ళకి తెలియకపోవడం ఉండదు.

ఉప్మా_వ్యతిరేకి:

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. చీరాల పేరాల. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టేది లేదని ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి బయట పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు, నడిపించింది ఈయన. ఎడింబరోలో చదివొచ్చి, ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, చివరికి క్షయతో 39 ఏళ్ళకి చేతిలో దమ్మిడీ లేకుండా పోయాడు. జూన్ 2 పుట్టినరోజు. పి.వి.ది జూన్ 28. మీరే తేల్చుకోండి, నేను ఉప్మా తినడానికి వెళ్తున్నా, ఇంట్లో అదే చేశారు.

తెనాలి_అల్లుడు:

అందరికీ పేరు పేరునా థాంక్స్. మొన్న ఆదివారం ఇదంతా ప్రింటు తీసి తెనాలి పట్టుకెళ్ళా. ఏం జరిగిందో చెప్తా.

కమిటీలో నలుగురొచ్చారు. కాళోజీ అనగానే ఆయన మనవాడా అని ఒకాయన ఆశ్చర్యపోయారు, పెట్టుకున్నాం. ఉన్నవ ఓకే. దుర్గాబాయ్, అచ్చమాంబ ఓకే, మా అత్తగారు వంటింట్లోంచి "అచ్చమాంబ ఉండాల్సిందే" అని అరిచారు కూడా. పట్టాభి నవంబర్. పి.వి.కి జూన్ పోయింది, దుగ్గిరాల వచ్చారు, జనవరికి పి.వి.ని తెచ్చా, పదవి పోయిన నెల అని నేను చెప్పలేదు. స్థానం గారి పేరు ఎత్తగానే మావగారు లేచి నిలబడి "మీరజాలగలడా" పాట అందుకున్నారు, ఆపడానికి పది నిమిషాలు పట్టింది. ఆరుగురు ఆరుగురు లెక్క ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. "మన" అన్నమాట తీసేద్దాం అంటే మాత్రం ఒప్పుకోలేదు, రెండో బెంచి గారూ, సారీ. నాయుడు గారి పేరు, పైడా రామకృష్ణయ్య గారి పేరు మాత్రం పడతాయి, అది నా పూచీ.

గొడవల్లా వెలి దగ్గరే. పండగపూట గోడకి తగిలించుకునే దానిమీద వెలి ఏంటి, అశుభం, "ఎన్నో కష్టాలకోర్చి" అని రాస్తే సరిపోతుంది కదా అని ఇద్దరు. నేను వాదించేలోపు మావగారు, ఆయన సాధారణంగా మీటింగుల్లో ఎవరికీ ఎదురు చెప్పరు, "మా నాయనమ్మ చెల్లెలు" అని మొదలెట్టారు. పదకొండేళ్ళకి భర్త పోయాడట, గుండు చేయించి తెల్ల పంచె కట్టబెట్టారట, డెబ్భై ఏళ్ళు బతికి పెరటి వసారాలోనే పోయిందట. శుభకార్యాలప్పుడు ఎదురు రాకూడదని ఆవిడే తలుపేసుకునేదట, తలుపు సందులోంచి చెయ్యి చాపి పిల్లలకి బెల్లం ముక్క పెట్టేదట. "ఆ చెయ్యి తప్ప ఆవిడ మొహం నాకు సరిగ్గా గుర్తులేదు, ఒక్క ఫోటో కూడా లేదు" అన్నారు. ఎవరూ ఏం మాట్లాడలేదు. వెలి అన్నమాట ఉంచారు.

ఇప్పుడు డిసెంబర్ షీటుకి వీరేశలింగం గారు, రాజ్యలక్ష్మమ్మ గారు ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో కావాలి. నెట్లో దొరికింది వేస్తే మొహాలు చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. గోదారి గట్టు గారూ, ఆ మ్యూజియం వైపు వెళ్ళే పనుంటే అడిగి ఒక ఫోటో తీసి పంపగలరా? ప్రెస్సాయన బుధవారం దాకా ఆగుతానన్నాడు.